సైజు గడి

కంప్యూటరులో ఫైళ్లను చూపు ఎక్స్‌ప్లోరర్ అను ప్రోగ్రామును తెఱచి, ‘డీటెయిల్స్’ అను వరుసలో పెట్టి చూచినచో, ప్రతి ఫైలు పేరున కెదురుగా దాని తేదియు, జాతియు, సైజును కుదురుగా గడులలో నమరియుండును. ఫోల్డరు పేరున కెదురుగా మాత్రము సైజు గడి ఖాళీగా నుండును. విండోసు వాడువారిలో ఈ ఖాళీని చూడనివారు లేరు. చూచి, ఇదేల యని యడిగినవారు కొందఱు. అడిగి, వచ్చిన సమాధానముతో తృప్తి చెందక వాదమునకు దిగినవారు మిక్కిలి యరుదు. అట్టి యరుదైనవారిలో నొకరు మా వీథి చివర డీటీపీ దుకాణము నడుపు పెద్దమనిషి. ఆయనకు చేజిక్కిన ప్రతివాది ఆయన మేనల్లుడే. హైదరాబాదులో స్టోరేజి సాఫ్ట్‌వేరు వ్రాయు కొలువులో నుండి పండుగ సెలవులకు వచ్చినవాడు. శుభలేఖలతోను, కరపత్రములతోను, ఫ్లెక్సీలతోను, పెళ్లి ఆల్బములతోను డి డ్రైవు నిండి, దాని గీత ఎఱ్ఱబడిన యొక మధ్యాహ్నమున, నేనొక మూల ప్రూఫులు దిద్దుకొనుచుండగా జరిగిన సంవాద మిది. మాటలకు కొంత గ్రాంథికపు వేషము నేను వేసితినిగాని, వాదము వారిదే.

మామయ్య: చూచితివా, అల్లుడూ! చోటు లేదని యంత్రము ఎఱ్ఱగీత గీచి బెదిరించుచున్నది. సరే, దేనిని తీసివేయుదును? ‘పెళ్లిళ్లు’, ‘ఫ్లెక్సీలు’, ‘పాతవి’, ‘న్యూ ఫోల్డర్’, దాని తమ్ముడు ‘న్యూ ఫోల్డర్ (2)’ అని యిన్ని యున్నవి. రెండు కేబీల యుత్తరము సైజెంతో అడుగకుండగనే చెప్పు యంత్రము, ఇన్నేండ్ల పెళ్లిళ్లను మోయుచున్న ఫోల్డరు సైజు అడిగిన నోరు మెదపదు. లెక్క కట్టుటకే పుట్టినది కూడిక చేయనొల్లకుండుట నీకు వింతగా లేదా?

మేనల్లుడు: ఒల్లకపోవుట కాదు మామయ్యా, ఆ లెక్క దానియొద్ద లేదు. ఫైలు సైజు ఎప్పటికప్పుడు డిస్కుపై వ్రాయబడియుండును. చూపుటకు చదివిన చాలును. ఫోల్డరు సైజు ఎచ్చటను వ్రాయబడియుండదు. ఇది నేటి సంగతి కాదు. 1983లో డాస్ 2.0తో ఫోల్డరులో ఫోల్డరు పెట్టు వసతి వచ్చినప్పుడు, ఫోల్డరు పద్దులో సైజు చోట సున్న వ్రాయవలెనని నియమము చేసిరి. ‘డిర్’ ఆజ్ఞ కొట్టినప్పుడు ఫైళ్ల కెదురుగా అంకెలును, ఫోల్డర్ల కెదురుగా కోణపు బ్రాకెట్లలో ఒక ముద్రయు వచ్చుట మీరును చూచియుందురు. తరువాత 1993లో విండోస్ ఎన్‌టీతో ఎన్‌టీఎఫ్‌ఎస్ అను ఫైల్ సిస్టము వచ్చెను. అందు మాస్టర్ ఫైల్ టేబుల్ అను పెద్ద పట్టికలో ప్రతి ఫైలుకును ప్రతి ఫోల్డరుకును ఒక పద్దు కలదు. ఫోల్డరు పద్దులో దాని క్రింది పేర్లు వరుసగా నుండును, పేరు ప్రక్కన ఆ ఫైలు సైజునకు నకలు కూడ నుండును. వెరసి యెంత యనునది మాత్రము లేదు.

మామయ్య: పేరు ప్రక్కన సైజు వ్రాసికొనినవాడు అడుగున గీత గీచి మొత్తము వ్రాయలేకపోయెనా? గుంటూరు మిర్చి యార్డులో లారీని కాటా మీదికి ఎక్కించినచో, ఒక్క టిక్కీయైనను విప్పకుండగనే తూకము వచ్చును. టిక్కీలన్నియు విప్పి కాయ కాయ లెక్కించినగాని చెప్పలేనను కాటాదారుని ఎవరైన కొలువులో నుంచుకొందురా?

మేనల్లుడు: మీ కాటాయే నాకును పనికివచ్చును. లారీలో టిక్కీలు లారీలోనే యున్నవి. ఫోల్డరులోని ఫైళ్లు ఫోల్డరులో లేవు. అవి డిస్కంతట చెదరియున్నవి. ఫోల్డరు చేతిలో నున్నది ఏ సరకు ఎచ్చట నున్నదో చెప్పు చీటీ మాత్రమే. కాటా మీదికి ఎక్కింపవలెనన్న ఎక్కునది చీటీయే. లినక్సులో ‘ఎల్‌ఎస్’ ఆజ్ఞ సరిగా అదే చేయును: ఫోల్డరు కెదురుగా 4096 అని చూపును. అది చీటీ ఆక్రమించిన చోటు. లోన నాలుగు ఫైళ్లున్నను, నాలుగు వందల జీబీల సినిమాలున్నను అంకె మారదు. అట్టి అంకె కావలెనా మీకు?

మామయ్య: అక్కఱలేదు. కాని నేను కుడివైపు బటను నొక్కి ‘ప్రాపర్టీస్’ అన్నచో సరకు తూకమే వచ్చుచున్నది గదా. అంకె పెరిగి పెరిగి యొకచోట నిలుచును. అనగా తూచుట దానికి వచ్చును. వచ్చియు ఒక్కొక్క ఫోల్డరునకు నాచేత వేఱువేఱుగా అర్జీ పెట్టించుచున్నది.

మేనల్లుడు: ఆ అంకె పెరుగుట చూచితిరి గదా, అదే నా సమాధానము. ఫోల్డరు తెఱచి, దానిలోని ఫోల్డర్లు తెఱచి, వాటిలోనివి తెఱచి, అట్టడుగు వఱకు దిగి కూడుకొని రావలెను. నిమిషమునకు 7200 చుట్లు తిరుగు హార్డు డిస్కు ఒక చుట్టు తిరుగుటకే ఎనిమిది మిల్లీ సెకన్లకు పైగా పట్టును. హెడ్డు ఒకచోటి నుండి మఱొకచోటికి జరుగు కాలమును కలుపుకొని, ఒక్క చదువునకు పది మిల్లీ సెకన్లనుకొనుడు. పదివేల ఉపఫోల్డర్లున్నచో, ఒక్కొక్కదానికి ఒక్క చదువే చాలుననుకొన్నను, నూఱు సెకన్లు. మీ తెఱపై కనబడుచున్నది ఒక్క ఫోల్డరు కాదు, నలువది. మీరో, తెఱచిన మఱుక్షణమున లోపలి ఫోల్డరులోనికి పోవుదురు. అంతవఱకు చేసిన శ్రమ గంగపాలు. ఇదంతయు మీరు అడుగకయే, తెఱచిన ప్రతిసారియు జరుగవలెననుట న్యాయమేనా? సర్వరులోని ఫోల్డరును ఆఫీసులో ఏబదిమంది తెఱచినచో, ఏబది లెక్కలు ఏకకాలమున ఆ యొక్క డిస్కును త్రవ్వును.

మామయ్య: నీ పది మిల్లీ సెకన్లు నా పాత డబ్బాకు చెల్లును. మొన్న నీవే కదా, తిరుగుడు డిస్కు పీకి ఎస్‌ఎస్‌డీ పెట్టించితివి? దానిలో చుట్లు లేవు, హెడ్డు లేదు. ఇంకొకటి విను. నేనొక ఫోల్డరును వేఱొకచోటికి కాపీ చేయబోవుదును. అప్పుడు ఎక్స్‌ప్లోరర్ ఏమి చేయును? ముందుగా లోన ఎన్ని యున్నవో, ఎంత యున్నదో లెక్కించుచున్నానని చెప్పి, ఆ పిమ్మట పని మొదలుపెట్టును. తీసివేయబోయినను అంతే. మోయుటకు ముందు తూచును, పాఱవేయుటకు ముందు తూచును. ఏది పాఱవేయవలెనో నేను నిర్ణయించుకొను ఘడియలో మాత్రము తూచదు.

(ఇచ్చట మేనల్లుడు కొంచెము తడబడెను. ఈ యుక్తి నాకును వెనుక తోచినది కాదు. ప్రోగ్రాములు వ్రాయువారు సాధారణముగా ఖర్చును గుఱించి చక్కగా మాటలాడుదురుగాని, ఆ ఖర్చును ఎప్పుడు పెట్టినచో వాడువానికి మేలు కలుగునను విషయమును అంత చక్కగా విచారింపరు.)

మేనల్లుడు: ఎస్‌ఎస్‌డీతో కాలము తగ్గినమాట నిజము. కాలము మాట విడిచెదను. నిజము మాట పట్టుకొనెదను. గడిలో నొక అంకె నిలిచియున్నదన్న, దానిని మీరు నమ్ముదురు. లెక్కించిన మఱునిమిషమున ఫ్లెక్సీ కుఱ్ఱవాడొక ఫైలు దాచును; అంకె తప్పైపోవును. తప్పు కాకుండవలెనన్న మొత్తమును డిస్కుపైననే వ్రాసి, ఎప్పటికప్పుడు దిద్దుచుండవలెను. అడుగున ఒక ఫైలులో ఒక్క బైటు పెరిగినచో, దాని ఫోల్డరు, దానికి పై ఫోల్డరు, ఆ పైది, చివరకు డ్రైవు మొదటి మెట్టు వఱకు అన్నిటను దిద్దుబాటు కావలెను. యంత్రములో వ్రాయుచున్న ప్రోగ్రాములన్నియు ఆ మొదటి మెట్టునొద్ద ఒకదాని వెనుక నొకటి కాచుకొని నిలువవలసివచ్చును. నడుమ కరెంటు పోయినచో సగము మెట్లలో కొత్త లెక్కయు, సగము మెట్లలో పాత లెక్కయు మిగులును.

మామయ్య: కరెంటు పోవునని లెక్క వ్రాయనివాడు ఫైలు మాత్రమేల వ్రాయుచున్నాడు? నేను పేజ్‌మేకరు నేర్చినది మాకింటోషు మీద. 1991లో వచ్చిన సిస్టం 7లో ‘వ్యూస్’ అని యొక కంట్రోల్ ప్యానెలుండెడిది. దానిలో ఫోల్డరు సైజులు లెక్కింపుమని టిక్కు పెట్టుటకు చోటుండెడిది. టిక్కు పెట్టి కిటికీ తెఱచినచో, మొదట గడులు ఖాళీ. నేను పని చేసికొనుచుండగా ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అంకె వచ్చి కూర్చుండెడిది. అంత చిన్న ప్రాణపు యంత్రము చేసిన పనిని నీ నేటి మహాయంత్రము చేయలేదనిన నేను నమ్మవలెనా?

మేనల్లుడు: ఆ టిక్కు తీసివేసినచో యంత్రము చుఱుకగునని అందఱును తీయించినదియు మీకు తెలియును. కాని దాపరికమెందులకు? తమ లెక్క తాము వ్రాసికొను ఫోల్డర్లును లోకములో కలవు. ఆపిల్ వారు 2016లో ప్రకటించి మఱుసటి యేట ఫోనులలోను మాక్‌లలోను ప్రవేశపెట్టిన ఏపీఎఫ్‌ఎస్‌లో ‘ఫాస్ట్ డైరెక్టరీ సైజింగ్’ అను ఏర్పాటున్నది. దానిని ఖాళీ ఫోల్డరునకే తగిలింపవచ్చునుగాని, నిండినదానికి తగిలించుటకు వీలులేదు. వారి ఫైండరు నేటికిని మీరు టిక్కు పెట్టినగాని వరుసలో ఫోల్డరు సైజు చూపదు. పెద్ద పెద్ద సర్వర్ల గుంపులపై నడచు సెఫ్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫోల్డరును తన క్రింది సమస్తమైన బైట్ల మొత్తమును తనయొద్ద నుంచుకొనును. అయితే క్రింది మార్పు పైమెట్లకు తక్షణమే కాక తీరికగా చేరును. మీరు చూచు అంకె కొంచెము వెనుకటిది కావచ్చునని ఒప్పుకొనియే వారు ఆ మేలు సంపాదించిరి.

మామయ్య: భేష్! అట్లు ఒప్పుకొనుటకు మీ విండోసువారికి నామోషీ యేమి?

మేనల్లుడు: వెనుకటి అంకె యొక చిక్కు మాత్రమే. అసలైన అంకె ఏది యనునది ఇంకొక చిక్కు. ఒకే ఫైలునకు రెండు ఫోల్డర్లలో రెండు పేర్లుండవచ్చును, హార్డ్‌లింకు అందురు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఒక్క ఫైలునకు 1024 పేర్ల వఱకు చెల్లును. సరకు ఒక్కటే, అది ఎవరి పద్దు? రెండిట వ్రాసినచో మొత్తము హెచ్చును. ఒక్కదానిలో వ్రాసినచో రెండవవాడు అన్యాయమనును. విండోసు తన భాగములను దాచుకొను ‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ అను ఫోల్డరు ఇట్టి రెండు పేర్ల ఫైళ్లతో నిండియున్నది. దానికి ప్రాపర్టీస్ చూచి, ఇన్ని జీబీలా యని గుండె బాదుకొని, తీసివేయబూనినవారెందఱో. అందుకే మైక్రోసాఫ్టువారు ‘డిస్మ్’ అను పనిముట్టులో దానికొక ప్రత్యేకమైన ఆజ్ఞ పెట్టిరి. అది ‘ఎక్స్‌ప్లోరర్ చెప్పు సైజు’ అని యొక పంక్తియు, దాని క్రిందనే ‘అసలు సైజు’ అని మఱొక పంక్తియు, వేఱువేఱు అంకెలతో చూపును. తమ తూకము తప్పని తామే చెప్పుకొనినట్లు కాలేదా?

మామయ్య: అయినది. అసలు సైజును చూపగలవాడు ఇంటిలోనే యున్నాడనియు తేలినది! అతనిని పెరటిలో దాచి, లెక్క రానివానిని వీథి అరుగుమీద కూర్చుండబెట్టిరి. నీవు దీనిని నీ పక్షమున చెప్పితివో, నా పక్షమున చెప్పితివో ఒకసారి యాలోచింపుము.

మేనల్లుడు: ఇంకను పాతవాడొకడున్నాడు. యునిక్సు మొదటి కూర్పు పుస్తకములోనే, 1971లో, ‘డీయూ’ అను ఆజ్ఞ కలదు; ఫోల్డరు క్రింద నెంత చోటు పట్టినదో చెప్పుట దాని పని. నేటి డీయూ ఒక సరకును రెండు పేర్లతో చూచినను ఒకసారియే కూడును. కాని అది అడిగినప్పుడు లేచి, లెక్కించి, చెప్పి, పడుకొనును. నేను సమర్థించుచున్నది ఆ మర్యాదనే. అదియును గాక, సైజన్నప్పుడు మీ మనసులో నున్నది ఏ సైజు? ప్రాపర్టీస్‌లో ‘సైజు’ అనియు, ‘సైజ్ ఆన్ డిస్క్’ అనియు రెండు పంక్తులున్నవి. ఒక ఫైలులో ‘తెలుగు’ అని యొక్క మాట వ్రాసి, యూటీఎఫ్-8లో దాచినారనుకొనుడు. కంటికి మూడక్షరములు, ఎత్వమును కొమ్ములును వేఱుగా లెక్కకు వచ్చుటచేత యూనికోడున ఆఱు, ఒక్కొక్కటి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. లినక్సువారి ఎక్స్‌టీ4 డిస్కుపై ఆ 18 బైట్ల కొఱకు 4096 బైట్ల బ్లాకొకటి పూర్తిగా కేటాయింపబడును. ఇది కొంచెమే యందురు. వంద బైట్ల చొప్పున లక్ష ఫైళ్లు తీసికొనుడు: కోటి బైట్లు, పది ఎంబీలు. వీటిని విండోసు తన మామూలు చొప్పున ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాటు చేసిన 64 జీబీల పెన్‌డ్రైవులోనికి ఎక్కింపుడు. అందు ఒక్కొక్క ఫైలునకు తక్కువలో తక్కువ 128 కేబీలు పోవును; వెరసి 1,310 కోట్ల బైట్లు, పదమూడు జీబీలు! పది ఎంబీల ఫోల్డరని గడిలో చూచి జేబులో వేసికొనినవాడు ఏమి కావలెను? వన్‌డ్రైవులో దీనికి తలక్రిందు: ఫైలు పేరు మాత్రమే మీ యంత్రములో నుండి, సరకు ఆకాశములోనున్నచో, సైజు రెండు జీబీలనియు, డిస్కు మీద సున్న యనియు చూపును. అది తీసివేసినచో మీ డ్రైవునకు దక్కునది సున్న.

మామయ్య: ఔరా! పోయిన నెల నేను డి డ్రైవులోని ఫోల్డర్లన్నిటికిని ప్రాపర్టీస్ చూచి, కాగితముమీద కూడితిని. మొత్తము డ్రైవువాడు చెప్పు వాడకముకంటె బాగుగా తక్కువ వచ్చినది. దొంగ యెవడు?

మేనల్లుడు: ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అని యొక ఫోల్డరు దాగియుండును. వెనుకకు మరలుటకై దాచుకొను ప్రతులు దానిలో నుండును. దానిని తెఱచుటకు మీకు అనుమతి లేదు గనుక ప్రాపర్టీస్ సున్న చూపును. రీసైకిల్ బిన్ను ఇంకొకటి. మీరు తీసివేసితిననుకొన్నవి ఆ డ్రైవులోనే యొక మఱుగు ఫోల్డరులో పడియుండి, మునుపటి చోటునే పట్టియుండును. చూచితిరా? తీసివేసినచో ఎంత కలిసివచ్చును, కాపీ చేసినచో ఎంత పట్టును, లోన అసలు సరకెంత యను మూడు ప్రశ్నలకు మూడు వేఱు సమాధానములు. గడి యొక్కటే. దానిలో నేనేది వ్రాయుదును?

మామయ్య: మూడు ప్రశ్నలని నీకు తెలిసినది, సంతోషము. నీ ఖాళీ వాటిలో ఏ ప్రశ్నకు సమాధానము?

మేనల్లుడు: ఏ ప్రశ్నకును కాదు. తప్పు చెప్పుటకంటె ఊరకుండుట మేలు.

మామయ్య: ఊరకుండుటయు నీకు చేతకాలేదు. ఈ ‘పాతవి’ మీద మౌసు బాణమును కొంచెముసేపు నిలిపి చూడు. ఒక చిన్న చీటీ పైకి వచ్చును: లోని పేర్లు రెండు మూడు, దానితో సైజు. చిన్న ఫోల్డరైన సైజు సరిగా చెప్పును. పెద్దదైనచో కొంతవఱకు లెక్కించి, విసిగి, ‘ఇంతకన్న పెద్దది’ అని చెప్పి చాలించును. నాకు కావలసినది అదే! చూచినంతవఱకు చూచితిని, ఇంతకు తక్కువ కాదు, మిగిలినది చూడలేదు అను మాటలో అబద్ధమెచ్చట నున్నది? బాణము నిలిపిన చెప్పునది, గడిలో చెప్పుటకు సిగ్గెందులకు? ఏది మూడు వందల జీబీలకు పైబడినదో, ఏది ముప్పది ఎంబీలదో తెలిసిన నాకు చాలును. చిల్లర లెక్క నీవే దాచుకొనుము. మీ హార్డ్‌లింకులును, బ్లాకులును, అనుమతులును కలిసి ముప్పది ఎంబీలను మూడు వందల జీబీలుగా చేయజాలవు గదా!

మేనల్లుడు: లక్ష చిన్న ఫైళ్లు చేయగలవని ఇప్పుడే చెప్పితిని.

మామయ్య: నా దుకాణములో వంద బైట్ల ఫైళ్లు లక్ష లేవు. ఫ్లెక్సీ ఫోటోషాపు ఫైలు ఒక్కటే ఒక జీబీ. ఎవరో యొకరి యింట రావచ్చు చిక్కునకై నా యింట దీపము ఆర్పవద్దు.

మేనల్లుడు: సరే, గడిలో ‘ఇంతకన్న పెద్దది’ అనియే వ్రాసితిననుకొనుడు. అంకె క్షణక్షణమును పెరుగుచుండును. మీరు సైజు శీర్షిక మీద నొక్కి, పెద్దవి పైకి రమ్మందురు. దాని కొఱకే గదా యీ తపస్సంతయు! అంకెలు పెరుగుచుండగా వరుసలు క్రిందు మీదగుచుండును. ‘పాతవి’ మీద బాణము పెట్టి, డిలీట్ నొక్కబోవు క్షణమున ‘పాతవి’ క్రిందికి జాఱి, ‘పెళ్లిళ్లు’ అక్కడికి వచ్చినదనుకొనుడు. రేపు ఆల్బము కొఱకు పెండ్లికూతురి తండ్రి వచ్చినప్పుడు ఆయనకు మీరు ఎక్స్‌ప్లోరర్ రచనాక్రమమును వివరింతురా?

(ఈ దెబ్బ గట్టిదే. గడి ఖాళీగా నుండుటకు నేను వినిన కారణములలో, వాడువాని చేతికిని కంటికిని సంబంధించినది ఇదియొక్కటే. తక్కినవన్నియు డిస్కునకు సంబంధించినవి. మామయ్యగారు కలము తీసి చెవిపై పెట్టుకొని, మరల తీసి, బల్లపై కొట్టిరి.)

మామయ్య: వరుస మార్చవద్దు. నేను నొక్కినప్పుడు ఉన్న అంకెలను బట్టి ఒక్కసారి వరుస పెట్టి, అటుపై కదలనీయకుము. మరల నొక్కినప్పుడు మరల పెట్టుము. ఇంకను పెరుగుచున్న అంకెను లేత రంగున చూపి, నిలిచిన అంకెను నల్లగా చూపుము. నెట్‌వర్కు ఫోల్డర్లకు అసలే చూపవద్దు. వాటి మీద నాకు పగ లేదు. లినక్సులోని కేడీఈ వారి డాల్ఫిన్ అను ఫైళ్ల ప్రోగ్రాములో ఫోల్డరు కెదురుగా లోపలి సైజు చూపవలెనా, లోనున్న వస్తువుల సంఖ్య చూపవలెనా యని వాడువానినే యడిగి, వాడు చెప్పినట్లు చేయుచున్నారని నీవే వెనుకొకసారి చెప్పితివి. గ్నోము వారు సంఖ్యయే చూపుదురట. ‘పెళ్లిళ్లు: 412 ఐటములు’ అన్నచో నాకు ఒరిగినదేమియు లేదుగాని, అడుగుటకు ఒక మర్యాద యున్నది.

మేనల్లుడు: అడుగుటకు నాకభ్యంతరము లేదు. కాని ఈ పని ఎక్స్‌ప్లోరర్‌దే కావలెనను పట్టుదల యేల? డిస్కు నిండినవాని బాధ పాతది. దానికి మందులును పాతవే. 1990లో అమెరికాలో మేరీలాండు విశ్వవిద్యాలయమున బెన్ ష్నైడర్మన్ అను ఆచార్యుని ప్రయోగశాలలో 80 ఎంబీల హార్డు డిస్కొకటి నిండిపోయినది. దానిని పదునలుగురు పంచుకొని వాడుచుండిరి. ఎవరి ఫైళ్లు ఎంత మ్రింగుచున్నవో తేలలేదు. వరుసలును అంకెలును చాలవని తలచి, ఆయన తెఱనంతయు దీర్ఘచతురస్రములుగా కోయించెను: ఎంత సైజో అంత వైశాల్యము, ఫోల్డరు చతురస్రములో దాని ఫైళ్ల చతురస్రములు. ట్రీమ్యాప్ అను ఆ పద్ధతియే 2003 నుండి విండిర్‌స్టాట్ అను ప్రోగ్రాములో మీకు ఉచితముగా దొరకును. విజ్‌ట్రీ అనునది ఫోల్డర్లలోనికి దిగుట మాని, మాస్టర్ ఫైల్ టేబులునే నేరుగా చదివి, డ్రైవంతటి లెక్కను మీరు ఊపిరి పీల్చి విడుచులోపల చెప్పును. టోటల్ కమాండరులో ఫోల్డరు మీద నిలిచి స్పేస్ బారు నొక్కినచో ఆ యొక్క దాని సైజును, ఆల్ట్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కినచో అన్నిటి సైజులును గడులలోనే వచ్చి నిలుచును. అడిగినప్పుడు, అడిగినంత. అది మీ దుకాణములో ఇప్పుడే పెట్టెదను.

మామయ్య: పెట్టుము, వద్దనను. కాని నాయనా, మాస్టర్ టేబులును నేరుగా చదివి క్షణములో చెప్పు మందు బయటివానికి దొరకినది. ఆ టేబులును చేసినవానికి దొరకలేదా? ఇంతవఱకు నీవు చెప్పిన కారణములన్నిటికంటెను ఈ ప్రశ్న పెద్దది.

మేనల్లుడు: నేరుగా చదువుటకు అడ్మినిస్ట్రేటరు అధికారము కావలెను. దాని ద్వారా మీరు చూడగూడనివారి ఫైళ్ల పేర్లును మీ కంటబడును. సొంత యంత్రములో చెల్లునుగాని పదిమంది వాడు ఆఫీసులో చెల్లదు.

మామయ్య: ఇది మంచి మాట. దీనిని మొదటనే చెప్పియుండవలసినది. అనవసరముగా చుట్లు తిరుగు డిస్కుతో మొదలుపెట్టితివి.

ఇంతలో వాకిట బండి యాగి, మొన్నటి పెళ్లి వారి మనిషి పెన్‌డ్రైవుతో లోనికి వచ్చి, ఫోటోలును వీడియోయు దీనిలో పట్టునా యని యడిగెను. మామయ్యగారు ఫోల్డరు మీద కుడి బటను నొక్కి, ప్రాపర్టీస్ తెఱచి, అంకె నిలుచువఱకు మేనల్లునివైపు సాభిప్రాయముగా చూచుచు, తొమ్మిది జీబీల చిల్లరయని చదివి, పెన్‌డ్రైవు పదునాఱు జీబీలది గనుక హాయిగా పట్టునని చెప్పి, కాపీ కొట్టిరి. ఫోటోలన్నియు ఎక్కినవి. వీడియో యొద్ద యంత్రము ఆగి, ఈ ఫైలు అవతలి ఫైల్ సిస్టమునకు మీఱినదని తెలిపెను.

మామయ్య: ఇంత చోటు ఖాళీగా పెట్టుకొని ఇదేమి ఆగడము?

మేనల్లుడు: పెన్‌డ్రైవు ఫ్యాట్32ది. దానిలో ఫైలు సైజు వ్రాయుటకు నాలుగు బైట్లే చోటున్నది. నాలుగు బైట్లలో పట్టు పెద్ద అంకె 4,29,49,67,295. నాలుగు జీబీలకు ఒక్క బైటు తక్కువ. ఈ వీడియో ఆఱు జీబీలు. ఫోల్డరు మొత్తము చూచినందువలన ఇది తెలియదు. ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చినచో ఎక్కును.

వచ్చిన మనిషి, తమ టీవీలో అట్టి పెన్‌డ్రైవు పలుకదనియు, ఇంటిలో ముసలివారు పెళ్లి చూడవలెనని కాచుకొనియున్నారనియు చెప్పెను.

మామయ్య: అట్లయిన ఆ గడి ప్రక్కన ఇంకొక గడి కావలెను, అల్లుడూ: లోనున్న ఫైళ్లలో అన్నిటికంటె పెద్దది ఎంత యని. ఎట్లును అడుగు వఱకు దిగి కూడుచునే యున్నాడు గదా. దారిలో పెద్దదానిని గుర్తుంచుకొనుటకు వానికి వచ్చిన కష్టమేమి?

మేనల్లుడు: మామయ్యా, ముందు వీడియోను రెండు ముక్కలు చేసి ఈయనను పంపుదము. డి డ్రైవులో ఆఱు జీబీలు చోటున్న చాలును.

మామయ్య: డి డ్రైవులో చోటెక్కడిది? నీ టోటల్ కమాండరు పెట్టెదనంటివే, పెట్టుము. ముందుగా ‘పాతవి’ మీద ఆ స్పేస్ బారు నొక్కుము.